పాత రికర్వ్ విల్లు ఏ ఏడాదిది, ఎంత చేస్తుంది: దాని మీద ఉన్న 1953ని ఎందుకు నమ్మకూడదు

క్లుప్తంగా: అమెరికాలో అమ్మకానికి వచ్చే బేర్ కంపెనీ పాత రికర్వ్ విల్లుల్లో (చివర్లు ముందుకి తిరిగినవి) చాలావాటి మీద ‘కెనడా 1953’ అని ఉంటుంది. అది పేటెంట్ సంవత్సరం, విల్లు తయారైన సంవత్సరం కాదు. అసలు ఏడాది తేలాలంటే పిడి దగ్గర ఉన్న నాణెం లాంటి బిళ్ల, కంపెనీ ఊరి పేరు, మోడల్, పొడవు రాసిన తీరు, వీటన్నిటినీ కలిపి చూడాలి. ధర దగ్గరికి వచ్చేసరికి వయసు కంటే పరిస్థితి, అసలుతనం, డ్రా వెయిట్ (విల్లుని లాగడానికి కావాల్సిన బలం, పౌండ్లలో) ఎక్కువ లెక్కలోకి వస్తాయి. పాతదైనంత మాత్రాన ఖరీదైనది అయిపోదు.

ఈబేలోనో, ఎస్టేట్ సేల్‌లోనో (ఖాళీ చేసే ఇంటి సామాన్ల అమ్మకం), పక్కింటి గరాజ్ సేల్‌లోనో ఒక చెక్క విల్లు కనిపిస్తుంది. మెరుస్తున్న రైజర్ (పిడి ఉన్న మధ్య భాగం), మధ్యలో ఎలుగుబంటి బొమ్మ ఉన్న చిన్న బిళ్ల, లింబ్ (రైజర్‌కి పైనా కిందా వంగే భాగం) మీద కంపెనీ పెట్టిన ఫ్రెడ్ బేర్ సంతకం, దాని దగ్గర్లోనే 1953. అమ్మేవాళ్లు ‘1953 నాటి అరుదైన విల్లు, స్వయంగా సంతకం చేసినది’ అని రాసి ధర పెట్టేస్తారు. చాలాసార్లు అది 1960ల చివర్లోనో 70ల మొదట్లోనో ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారైన విల్లు, ఆ సంతకం ప్రింట్ చేసినది. ఇందులో మోసం ఉండాలనేం లేదు, తాతగారి అటక మీద దొరికిన వస్తువు గురించి ఇంట్లోవాళ్లకి ఏం తెలుస్తుంది? కానీ కొనేవాళ్లు మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ ఒక్క అంకె మీద ధర రెండు మూడింతలు మారిపోతోంది.

తెలుగువాళ్లలో రికర్వ్ అనగానే ఒలింపిక్స్ గుర్తుకు రావడం సహజం, పారిస్‌లో విజయవాడ ఆర్చర్ బొమ్మదేవర ధీరజ్ పట్టింది కూడా రికర్వే. కలెక్టర్లు వెతికేది మాత్రం అది కాదు. విడదీసి సర్దుకునే లోహపు రైజర్, స్టెబిలైజర్లు (ఊగకుండా నిలిపే కడ్డీలు) ఉన్న ఇప్పటి పోటీ విల్లు వేరు, ఒకే ముక్కగా చెక్క, ఫైబర్‌గ్లాస్ పొరలు అంటించి చేసిన అప్పటి వేట విల్లు వేరు.

ఇన్ని విల్లులు ఎక్కడి నుంచి వచ్చాయి

రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో ఎక్కువగా ఉన్నవి చెక్క విల్లులు. యూ, ఆసేజ్ ఆరెంజ్, లెమన్‌వుడ్ లాంటి కలపతో చేసేవాళ్లు, చలికీ తేమకీ ఒక్కోరోజు ఒక్కోలా ప్రవర్తించేవి. యుద్ధం తర్వాత ఫైబర్‌గ్లాస్ చేతికి రావడంతో కథ మారింది. మేపుల్ పొరలకి రెండు వైపులా గ్లాస్ అంటిస్తే లింబ్ తేలిగ్గా ఉండి, విరక్కుండా వంగి, త్వరగా వెనక్కి వస్తుంది. చివర్లు ముందుకి తిరిగిన రికర్వ్ ఆకారాన్ని ఫ్యాక్టరీలో వరసగా, ఒకేలా తయారు చేయడం దీంతోనే సాధ్యమైంది.

ఈ మార్పుకి ముందు నిలిచింది ఫ్రెడ్ బేర్. 1933లో డెట్రాయిట్‌లో మొదలైన ఆయన కంపెనీ 1947లో మిషిగన్ రాష్ట్రంలోనే ఉన్న గ్రేలింగ్ అనే చిన్న ఊరికి మారింది. 1968లో విక్టర్ కంప్టోమీటర్ అనే సంస్థ దాన్ని కొనుక్కుంది, 1978లో తయారీ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి వెళ్లిపోయింది. బేర్ 1988లో చనిపోయారు. ఈ సంవత్సరాలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే విల్లు మీద రాసిన ఊరి పేరే మొదటి ఆధారం.

బేర్ ఒక్కరే కాదు. అర్కాన్సా రాష్ట్రం పైన్ బ్లఫ్‌లో బెన్ పియర్సన్, మిషిగన్‌లోని కలమజూలో గేలాలు, ఫిషింగ్ రీళ్లు చేసే షేక్‌స్పియర్ కంపెనీ, టెక్సాస్‌లో బాబ్ లీ పెట్టిన వింగ్, సెయింట్ లూయిస్‌లో ఎర్ల్ హోయట్, వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో డేమన్ హొవాట్, వీళ్లంతా 50లు, 60లలో పెద్ద సంఖ్యలో విల్లులు చేశారు.

తర్వాత ఒక్కసారిగా మార్కెట్ తిరగబడింది. హోలెస్ విల్బర్ ఆలెన్ అనే మిస్సోరీ మనిషికి 1969 డిసెంబర్‌లో కాంపౌండ్ విల్లు మీద పేటెంట్ వచ్చింది. కప్పీలతో పనిచేసే ఆ విల్లుని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద బరువు బాగా తగ్గుతుంది. డెబ్బైలు గడిచేసరికి వేటగాళ్లలో ఎక్కువమంది అటు వెళ్లిపోయారు, రికర్వ్‌లు అటకెక్కాయి. పాతికేళ్లు వాడి అరిగిపోవాల్సిన విల్లు ఐదారేళ్లు వాడి మూల పడింది కాబట్టే, ఈరోజు యాభై అరవై ఏళ్ల వస్తువు ఇంత మంచి పరిస్థితిలో, ఇంత ఎక్కువగా దొరుకుతోంది. ‘పాతది కాబట్టి అరుదు’ అనే వాదన ఇక్కడ నిలబడకపోవడానికి కారణం ఇదే.

ఒక్కో ఆధారం ఏం చెప్తుంది

ఏ ఒక్క గుర్తూ ‘ఇది ఫలానా ఏడాది’ అని చెప్పదు. ‘దీనికి ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’ అని మాత్రమే చెప్తుంది. అలాంటివి నాలుగైదు పక్కపక్కన పెడితే మధ్యలో మిగిలే కాలమే జవాబు.

బేర్ విల్లుల్లో అందరూ ముందు చూసేది నాణెం. రైజర్‌లో పొదిగిన ఎలుగుబంటి బిళ్ల 1959లో మొదలైంది. బిళ్ల లేకపోతే, ఎక్కడా పీకేసిన గుర్తు కూడా లేకపోతే, ఆ విల్లు అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. 1959 నుంచి 1972 దాకా బిళ్ల చెక్కతో సమంగా ఉంటుంది, వేలితో రాస్తే అంచు పెద్దగా తగలదు. 1973 నుంచి పైకి ఉబ్బి ఉండే ప్లాస్టిక్ మెడల్ వచ్చింది, దానికి బంగారు రంగో క్రోమ్ రంగో ఉంటుంది. సమంగా ఉండే బిళ్లల్లోనూ లోహం మారుతూ వచ్చింది. కలెక్టర్లు వాడే లెక్క ప్రకారం 1959లో రాగి, ఆ తర్వాత 1962 దాకా అల్యూమినియం, 1963 నుంచి 1970 దాకా ఇత్తడి, 1971, 72లలో నికెల్ సిల్వర్.

చెప్పుకోవడానికి ఇది సులువుగానే ఉంది కానీ ఫొటోలో చూసి చెప్పడం కష్టం. బిళ్ల మీద కూడా వార్నిష్ పూత ఉంటుంది, అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. దాంతో తెల్లటి అల్యూమినియం కూడా ఇత్తడిలా కనిపించే ప్రమాదం ఉంది, మసకబారిన ఇత్తడి ఎర్రగా తిరిగి రాగిలా కనిపించొచ్చు. అమ్మేవాళ్లని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దగ్గరి నుంచి ఇంకో ఫొటో అడగడం మంచిది. బిళ్లని గీకి చూడమని మాత్రం ఎప్పుడూ అడగకూడదు, ఆ గీతతోనే విలువ పడిపోతుంది. పైగా ఫ్యాక్టరీల్లో డిసెంబర్ 31 రాత్రి పాత సరుకు పారేసి జనవరి 1న కొత్తది మొదలుపెట్టరు, మిగిలిపోయినవి వాడేస్తారు. అందుకే ఈ సంవత్సరాలకి అటూ ఇటూ కొంత సందు వదలాలి.

బిళ్ల లేని కాలానికి వేరే గుర్తులున్నాయి. 1949, 50 ప్రాంతంలో బేర్ లింబ్‌ల లోపల ఒక అల్యూమినియం పొర పెట్టి చేసింది. లోహం, చెక్క పొరలు విడిపోయి చాలా విల్లులు తిరిగొచ్చాయి, ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. పక్క నుంచి చూస్తే చెక్క పొరల మధ్య సన్నటి లోహపు గీత కనిపించే విల్లు దొరికితే అది తొలి దశది, దాన్ని గోడకి పెట్టుకోవడమే తప్ప లాగకూడదు. ఆ తర్వాత లోహం పోయి రెండు వైపులా గ్లాస్ వచ్చింది. 1953, 54 ప్రాంతంలో పరుగెత్తే చిన్న ఎలుగుబంటి బొమ్మ వాడారు, తర్వాత నిలబడ్డ ఎలుగుబంటి వచ్చింది.

ఇక ఊరి పేరు. గ్రేలింగ్ అని ఉంటే 1978 లోపుది, గెయిన్స్‌విల్ అని ఉంటే ఆ తర్వాతది. అలాగే పొడవు పక్కన ఏఎంఓ అనే అక్షరాలుంటే అది సాధారణంగా 60ల చివరికో అంతకంటే ఇటువైపుకో చెందుతుంది. విల్లుల కొలతలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని తయారీదారుల సంఘం తెచ్చిన గుర్తు అది. సీరియల్ నంబర్ మీద చాలామందికి ఆశ ఎక్కువ, కానీ అన్ని ఏళ్లకీ పనికొచ్చే ఒకే సూత్రం దానికి లేదు. నంబర్ ఒక్కటే చూపించి సంవత్సరం చెప్పేవాళ్ల మాట మీద డబ్బు పెట్టకపోవడం మంచిది.

ఒక విల్లు తీసుకుని చూస్తే

బేర్ కంపెనీ మోడల్ అయిన 52 అంగుళాల కోడియాక్ మాగ్నమ్ ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. లింబ్ మీద గ్రేలింగ్, పేటెంట్ నంబర్, కెనడా 1953, 45 పౌండ్లు. బిళ్ల చెక్కతో సమంగా, పసుపు రంగులో ఉంది. ఏఎంఓ లేదు.

కోడియాక్ మాగ్నమ్ మోడల్ వచ్చిందే 1961లో, కాబట్టి 1953 ఎలాగూ కుదరదు. ఆ ఒక్క ముక్కతో అమ్మకం ప్రకటనలో ఉన్న సంవత్సరం ఎగిరిపోతుంది. బిళ్ల సమంగా ఉంది కాబట్టి 1972 దాటదు. అది నిజంగా ఇత్తడే అయితే 1963కి 1970కి మధ్య. ఏఎంఓ లేదు కాబట్టి ఆ కాలంలో చివరి ఏళ్ల కంటే ముందువైపుకే మొగ్గు. ఇక్కడి నుంచి ఇంకా దగ్గరికి వెళ్లాలంటే కంపెనీ పాత క్యాటలాగ్‌లే దిక్కు. ఏ ఏడాది రైజర్‌కి ఏ చెక్క వాడారు, గ్లాస్ ఏ రంగు, లింబ్ చివర ఎన్ని రంగు పొరలు వేశారు, ఇవన్నీ ఏటేటా మారాయి, క్యాటలాగ్ బొమ్మల్లో కనిపిస్తాయి. స్కాన్ చేసిన కాపీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ‘1960ల మధ్య నాటిది’ దగ్గర ఆగిపోయినా తప్పేం లేదు, నిజాయితీగా అమ్మేవాళ్లు అలాగే రాస్తారు.

మోడల్ పేరుతో ఇంకో చిక్కు ఉంది. గ్రిజ్లీ, సూపర్ కోడియాక్, కోడియాక్ మాగ్నమ్ పేర్లతో బేర్ కంపెనీ తర్వాతి దశాబ్దాల్లో కూడా విల్లులు అమ్మింది. 1959 కోడియాక్‌కి అచ్చం అలాంటిదే మళ్లీ చేసి విడుదల చేసింది కూడా. వాటిలో తప్పేం లేదు, మంచి విల్లులే. కానీ పేరు చూసి ధర ఒప్పేసుకుంటే కొత్తదానికి పాతదాని డబ్బు కట్టినట్టవుతుంది.

మిగతా కంపెనీల విషయంలో యజమానుల మార్పే మంచి గుర్తు. వింగ్ కంపెనీ బాబ్ లీ చేతుల్లోంచి 60ల చివర్లో హెడ్ స్కీ కంపెనీకి, అక్కడి నుంచి ఏఎంఎఫ్ అనే సంస్థకి వెళ్లింది, లేబుల్ మీద ఆ పేర్లుంటే ఆ తర్వాతివే. డేమన్ హొవాట్‌ని 1976లో మార్టిన్ ఆర్చరీ కొన్నది, హొవాట్ పేరు తర్వాత కూడా కొనసాగింది కాబట్టి యాకిమా అని ఉందా, మార్టిన్ పేరు ఉందా చూడాలి. పియర్సన్ విల్లుల మీద మోడల్ నంబర్లుంటాయి, వాటిని క్యాటలాగ్‌తో పోల్చుకోవాలి.

ధరని నడిపేది ఇద్దరు వేర్వేరు కొనుగోలుదారులు

ఈ మార్కెట్‌లో గందరగోళమంతా ఇక్కడే. పాత రికర్వ్‌ని కొనేవాళ్లు ఒకరకం కాదు. ఒకళ్లు బాణాలు వేయడానికి కొంటారు, ఇంకొకళ్లు దాచుకోవడానికి కొంటారు.

వేయడానికి కొనేవాళ్లకి సంవత్సరంతో పెద్దగా పని లేదు. వాళ్లకి కావాల్సింది 40, 50 పౌండ్ల మధ్య డ్రా వెయిట్, లింబ్ మెలి తిరగకుండా ఉండటం, 58 అంగుళాలో 60 అంగుళాలో పొడవు. 65 పౌండ్ల విల్లు ఎంత అందంగా ఉన్నా లాగగలిగేవాళ్లు తక్కువ కాబట్టి అది నెలల తరబడి అమ్ముడుపోదు. మరీ తేలికైన 25, 30 పౌండ్లవి కొత్తగా నేర్చుకునేవాళ్లకి బాగుంటాయి, కానీ ఆ వర్గం ఎక్కువ డబ్బు పెట్టదు. ఈ బరువు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క అని మర్చిపోకూడదు. చేతులు పొట్టిగా ఉండి 26 అంగుళాలే లాగేవాళ్లకి 45 పౌండ్ల విల్లు దాదాపు 40కే వస్తుంది.

దాచుకునేవాళ్లకి డ్రా వెయిట్ రెండో సంగతి. మోడల్, ఏడాది, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్న నమ్మకం కావాలి. బేర్‌లో 1959 కోడియాక్, ఆ వెంటనే వచ్చిన కోడియాక్‌లు, 70ల మొదట్లో గ్రేలింగ్‌లో చేసిన టేక్‌డౌన్‌లు (ముక్కలుగా విడదీసే విల్లులు), వీటికి పోటీ ఉంటుంది. టేక్‌డౌన్ ప్రత్యేకత దాని బిగింపు. ఏ పనిముట్టూ లేకుండా లింబ్‌లు చేత్తోనే బిగించొచ్చు, ఊడదీయొచ్చు. ఏ, బీ, సీ అని మూడు సైజుల రైజర్లు, 1, 2, 3 అని లింబ్‌లు ఉండేవి, ఒకదానికి ఇంకొకటి మార్చి పొడవు మార్చుకోవచ్చు. ఆ సౌకర్యమే ఇప్పుడు తలనొప్పి, ఒక విల్లు రైజర్‌కి ఇంకో విల్లు లింబ్‌లు తగిలించి పూర్తి సెట్‌గా అమ్మేయొచ్చు కాబట్టి కొనేముందు రెండు లింబ్‌ల మీద నంబర్లూ బరువులూ కలుస్తున్నాయో లేదో చూడాలి.

డబ్బు సంగతి స్థూలంగా చెప్పాలంటే, వాడుకోదగ్గ పరిస్థితిలో ఉన్న 70ల గ్రిజ్లీ, కోడియాక్ హంటర్ లాంటివి సాధారణంగా వంద నుంచి రెండొందల యాభై డాలర్ల మధ్య తిరుగుతుంటాయి. షేక్‌స్పియర్, పియర్సన్ కంపెనీల చవక మోడళ్లు వంద లోపే దొరుకుతాయి. తొలి కోడియాక్‌లు శుభ్రంగా ఉంటే కొన్ని వందలు, మంచి గ్రేలింగ్ టేక్‌డౌన్ అయితే వెయ్యి దాటడం మామూలే. ఇవన్నీ అమ్ముడైన ధరలు చూసి అర్థం చేసుకోవాల్సినవి. ఈబేలో అడుగుతున్న ధర ఎంతైనా ఉండొచ్చు, ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెడితే నిజంగా చేతులు మారిన డబ్బు ఎంతో కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా చాలాసార్లు సగానికి సగం.

ఎడమచేతి వాటం విల్లులు తక్కువ తయారయ్యాయి, కొనేవాళ్లూ తక్కువే, కాబట్టి అరుదు అన్న మాట దానంతటదే ధర పెంచదు. నారి తనవైపుకి ఉండేలా విల్లుని నిలువుగా పట్టుకుంటే, బాణం పెట్టే కోత ఎడమవైపు ఉంటే అది కుడిచేతి వాటం వాళ్లది. ప్రకటనల్లో ఇది తిరగబడి రాసినవి చాలా కనిపిస్తాయి.

విలువ తగ్గించేవి

పొర విడిపోవడం అన్నిటికంటే పెద్ద దెబ్బ. లింబ్ అంచున గ్లాస్‌కీ చెక్కకీ మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తే ఆ విల్లుకి నారి ఎక్కించకూడదు, లాగుతుండగా పగిలితే మొహం మీదికే వస్తుంది. గ్లాస్ మీద నిలువుగా సన్నటి వెంట్రుకల్లాంటి గీతలుంటే, గోటికి తగలకపోతే, అవి చాలా పాత విల్లుల్లో ఉండే పైపై గీతలే. అడ్డంగా పగులు ఉంటే మాత్రం వదిలేయాలి. లింబ్ మెలి తిరిగిందో లేదో చూడటానికి నారి ఎక్కించి, నారి వైపు నుంచి చివరిదాకా చూపు నిలిపితే చాలు, నారి లింబ్ చివర మధ్యలోంచి పోకుండా ఒక పక్కకి జరిగి ఉంటే మెలి ఉన్నట్టే. కాలు మధ్యలో పెట్టి విల్లు వంచి నారి ఎక్కించే పాత అలవాటు వల్లే ఎక్కువ విల్లులు ఇలా పాడయ్యాయి, నారి ఎక్కించడానికి వాడే స్ట్రింగర్ తాడు కొన్ని డాలర్లకే వస్తుంది.

అప్పట్లో సైట్లు, అమ్ముల పొదులు బిగించడానికి రైజర్‌కి రంధ్రాలు పెట్టుకునేవాళ్లు. వేయడానికి కొనేవాళ్లు వాటిని పట్టించుకోరు, కలెక్టర్ మాత్రం ధర గట్టిగా తగ్గిస్తాడు. అంతకంటే బాధాకరమైనది ఇంట్లోవాళ్లు ప్రేమగా చేసే పని, అమ్మేముందు సాండ్‌పేపర్‌తో రుద్ది కొత్త వార్నిష్ వేయడం. ఆ రుద్దుడులో కంపెనీ పేరు, పేటెంట్ వరుస, చేత్తో రాసిన బరువు, నంబర్ అన్నీ పోతాయి. ఏడాది చెప్పే ఆధారాల్లో చాలా భాగం ఆ పూతలోనే ఉన్నాయి కాబట్టి, అందంగా మెరిసే ఆ విల్లుకి ఇక పుట్టిన తేదీ చెప్పడం బాగా కష్టమవుతుంది. తడి గుడ్డతో తుడిచి వదిలేసిన విల్లుకే ఎక్కువ డబ్బు వస్తుంది.

వాడుకునేవాళ్లకి ఒక హెచ్చరిక నారి గురించి. ఇప్పటి సాగని నారులు, ఫాస్ట్ ఫ్లైట్ లాంటివి, పాత లింబ్ చివర్లకి పడవు, చివర్లు చీలిపోతాయి. కాస్త సాగే డాక్రాన్ నారే వాడాలి. ఎండలో పార్క్ చేసిన కారు డిక్కీలో వదిలేసినా జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి, టెక్సాస్ వేసవిలో అయితే ఒక్క మధ్యాహ్నం చాలు.

ముందు ముందు

ఈ విల్లులు కొత్తగా కొని వాడిన తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉంది. వాళ్ల ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ ఎస్టేట్ సేల్స్‌లోకి మరిన్ని విల్లులు వస్తాయి, కాబట్టి మామూలు మోడళ్ల ధర పెద్దగా పెరిగే కారణం కనిపించడం లేదు. మంచి పరిస్థితిలో ఉన్న తొలి కోడియాక్‌లు, జత కుదిరిన టేక్‌డౌన్‌ల సంగతి వేరు, అవి చేతులు మారినప్పుడల్లా కొన్ని కలెక్షన్లలోకి వెళ్లి బయటికి రావు. మిషిగన్‌లో ఉండే తెలుగువాళ్లకి ఇందులో కాస్త వీలు ఉంది, ఈ విల్లుల పుట్టిల్లు ఆ రాష్ట్రమే కాబట్టి చుట్టుపక్కల ఎస్టేట్ సేల్స్‌లో ఇవి కనిపించే అవకాశం ఎక్కువ, పైగా ఐదడుగుల పెట్టెని కొరియర్‌లో తెప్పించుకునే ఖర్చు మిగులుతుంది. వంద డాలర్ల విల్లు విషయంలో ఆ ఖర్చు చిన్నదేం కాదు.